లారీ డ్రైవర్ లైసెన్సు ఎప్పుడు రద్దవుతుంది?

లారీ డ్రైవర్‌కు లైసెన్సే జీవనాధారం. మోటారు వాహనాల చట్టం, 1988లోని 19వ సెక్షన్ ప్రకారం దానిని రద్దు చేసే అధికారం లైసెన్సింగ్ అధికారికి ఉంది. అతివేగం, ప్రమాదకర డ్రైవింగ్, మద్యం సేవించి నడపడం వంటి నేరాల్లో పోలీసులు లైసెన్సును స్వాధీనం చేసుకుని ఆ అధికారికి పంపుతారు. 2019 సవరణ మేరకు, తొలి నేరానికి 3 నెలల అనర్హత విధించవచ్చు; నేరం పునరావృతమైతే లైసెన్సే రద్దు కావచ్చు.

అయితే ఉత్తర్వుకు ముందు డ్రైవర్ వాదన వినడం, కారణాలను లిఖితపూర్వకంగా నమోదు చేయడం తప్పనిసరి. ఉత్తర్వు అందిన 30 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు. అనర్హత కాలంలో వాహనం నడిపితే 3 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. గడువు ముగిసినా, పునశ్చరణ శిక్షణ పూర్తిచేసిన వారికే లైసెన్సు తిరిగి లభిస్తుంది.