లేత, ముదురు, మసక

రంగుల కొట్టుకు వెళ్లి గోడకు నీలం కావాలంటే నీలం డబ్బా ఇవ్వరు. తెల్లటి బేస్ డబ్బా మూత తీసి మిషన్ కింద పెడతారు. కంప్యూటర్‌లో నంబరు కొట్టగానే నీలిరంగు సన్నటి ధారగా దిగుతుంది, వెనకే నలుపు రెండు చుక్కలు. మూత బిగించి గిలక్కొడితే మీరడిగిన రంగు తయారు. తెలుపు ఎక్కువైతే లేత, నలుపు చేరితే ముదురు, రెండూ పడితే మసక. బెండకాయల దగ్గర వాడే మాటలే రంగులకూ సరిపెట్టుకున్నాం.

కంప్యూటర్ తెరకు మాత్రం తెలుపు డబ్బా, నలుపు డబ్బా లేవు. ఉన్నవి ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు మూడే. ఒక్కోదానికి 0 నుంచి 255 దాకా మెట్లు. మూడింటినీ కలిపి లెక్కేస్తే 1,67,77,216 రంగులు. నిండు నీలమంటే 0, 0, 255. అందులో సగం తెలుపు కలిపితే 128, 128, 255 అవుతుంది, సగం నలుపైతే 0, 0, 128. ఇది సులువే. ఏ కాషాయాన్నో కాస్త మసక చేయాలంటేనే తంటా, మూడంకెలనూ మూడు రకాలుగా కదపాలి. ఈ చిక్కు విప్పినవాడు అమెరికాకు చెందిన ఆల్వీ రే స్మిత్. ఏ రంగు, ఎంత చిక్కన, ఎంత వెలుగు అంటూ చిత్రకారుడి చేతి పనిని లెక్కగా మార్చి 1978లో ప్రచురించాడు. ఫొటో దిద్దే యాప్‌లలో మనం జరిపే హ్యూ, శాచురేషన్ మీటలు ఆ ఆలోచనవే.

మన దగ్గర ఈ విద్యకు పెద్ద పరీక్ష మాయాబజార్. ఆ నలుపు తెలుపు సినిమా వచ్చిన 1957లోనే అమెరికాలో రస్సెల్ కిర్ష్ తన పసిబిడ్డ ఫొటోను స్కాన్ చేసి కంప్యూటర్‌కెక్కించాడు. అడ్డంగా 176, నిలువుగా 176 చుక్కలు, అంతే. అర్ధశతాబ్దం తిరిగేసరికి హైదరాబాద్‌లోని గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ మూడు గంటల సినిమాకే రంగులద్దే పనికి పూనుకుంది. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున అసలు సినిమాలో రెండున్నర లక్షలకు పైనే ఫ్రేములు. 165 మంది ఎనిమిది నెలలు కూర్చున్నారు. 2010 జనవరి 30న రంగుల మాయాబజార్ విడుదలైంది.

అసలు కష్టం ఫ్రేముల లెక్కలో లేదు. 255 మెట్టు మీది ఎరుపునూ, 130 మెట్టు మీది ఆకుపచ్చనూ నలుపు తెలుపులోకి మార్చి చూడండి, రెండూ దాదాపు 76 దగ్గర ఒకే బూడిద రంగుగా తేలతాయి. మన కన్ను ఆకుపచ్చను ఎక్కువ కాంతిగా చూస్తుంది కాబట్టి లెక్కలోనూ దానికి ఎక్కువ వాటా ఇచ్చారు. అందుకని నాయిక శశిరేఖ చీర ఎరుపో ఆకుపచ్చో ఫిల్మును అడిగితే చెప్పదు, మనిషే నిర్ణయించాలి. ఫిల్ము దాచుకున్నది వెలుగునే, అంటే లేత ముదురులనే. అవి కెమెరామన్ మార్కస్ బార్ట్లే పెట్టినవి. ‘లాహిరి లాహిరి’ పాటలో వెన్నెల ఆయన పుట్టించిందే, దానికి రంగు అవసరం పడలేదు. రంగుల ప్రతిలో నగలు, పూలదండలు కళ్లకు పండగే, కాదనను. ఆ పాట మాత్రం నాకు పాతదే బాగుంటుంది.

ఈసారి ఫోన్‌లో ఫొటో దిద్దేటప్పుడు ముందు శాచురేషన్ మీటను సున్నాకు లాగండి. మొహం, వెనక గోడ ఒకే బూడిదలో కలిసిపోతే వెలుగు సరిచేయండి. రంగు సంగతి ఆ తర్వాత.