పెరటి టమాటలో పూత రాలుట, కాయ అడుగు కుళ్లు: మందుకు ముందు కారణ నిర్ధారణ

ఇంటి పెరటిలోను, మిద్దెపైన కూరగాయలు పెంచుకొనేవారు తొలుత నాటే మొక్కలలో టమాట ఒకటి. 2023 జూలైలో అనేక నగరాలలో కిలో టమాట ధర 100 రూపాయలు దాటిన అనుభవం తరువాత, నాలుగు మొక్కలు ఇంటివద్దనే ఉంటే మేలన్న ఆలోచన కలుగుట సహజమే. అయితే మొక్క ఏపుగా పెరిగినా పూత నిలువకపోవుట, నిలిచిన కాయ అడుగున నల్లబడి కుళ్లుట పెరటి సాగులో తరచుగా కనిపించే సమస్యలు. వీటిని చూడగానే సాగుదారు "ఏ మందు కొట్టాలి?" అని అడుగుతాడు. ఈ రెండింటికీ మూలం చాలా సందర్భాలలో పురుగు గాని, తెగులు గాని కాదు. ఉష్ణోగ్రత, నీటి యాజమాన్యాలలోని లోపమే అసలు కారణం.

పెరటిలో పురుగుమందు ఎందుకు తగదు

పురుగుమందు చల్లిన తరువాత కోతకు ముందు నిర్ణీత వ్యవధి విడువవలసి ఉంటుంది. పొలంలో కోతలను ముందుగా నిర్ణయించుకొని ఈ నియమాన్ని పాటించవచ్చు. పెరటిలో ఒకే మొక్కపై పూత, పిందె, పండు ఏకకాలంలో ఉంటాయి. గృహిణి రెండు మూడు రోజులకొకసారి పండిన కాయలను కోస్తూనే ఉంటుంది. ఉదయం చల్లిన మందు మరునాడే వంటింటికి చేరే ప్రమాదం ఉన్నది. అవసరం లేని పిచికారీ వలన ఖర్చుతోపాటు కుటుంబ ఆరోగ్యానికి కూడా హాని కలుగుతుంది. కనుక కారణ నిర్ధారణ జరగకుండా మందు సూచించుట విస్తరణ కార్యకర్తకు తగదు.

పూత రాలుట

టమాటలో పిందె కట్టుటకు రాత్రి ఉష్ణోగ్రత 15 నుండి 20 డిగ్రీల సెల్సియస్ వరకు అనుకూలం. పగటి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటి, రాత్రులు కూడా వేడిగా ఉన్నప్పుడు పుప్పొడి జీవశక్తి తగ్గుతుంది. ఫలదీకరణ జరగక పూలు కాడవద్ద పసుపురంగుకు మారి రాలిపోతాయి. సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న మదనపల్లె ప్రాంతంలో వేసవిలోను టమాట సాగు కొనసాగుతుండగా, మైదాన ప్రాంతాలలో అదే కాలంలో కాపు తగ్గుటకు ఈ ఉష్ణోగ్రతల తేడా ఒక ముఖ్య కారణం.

మిద్దెపై పరిస్థితి మరింత కఠినం. కాంక్రీటు పగలు గ్రహించిన వేడిని రాత్రి విడుదల చేస్తుంది. నల్లని ప్లాస్టిక్ సంచులలో వేరు మండలం వేడెక్కుతుంది. కుండీలను ఇటుకలపై ఎత్తి ఉంచుట, సంచుల చుట్టూ గోనెపట్ట కట్టుట, వేసవిలో మధ్యాహ్నం నీడవల వేయుట ఉపశమనం కలిగిస్తాయి. అసలైన పరిష్కారం కాలాన్ని పాటించుట. సెప్టెంబరులో నారు పోసి, 25 నుండి 30 రోజుల నారును అక్టోబరులో నాటినట్లయితే పూత, పిందె దశలు చల్లని నెలలలో వస్తాయి. వేసవిలో టమాట స్థానాన్ని బెండ, గోరుచిక్కుడు, తోటకూర, బీర, దోస వంటి వేడిని తట్టుకొనే పంటలకు ఇచ్చుట మేలు.

పూత రాలుటకు మరి రెండు కారణాలున్నవి. యూరియా లేదా పశువుల ఎరువు మితిమీరినప్పుడు మొక్క ఆకుగానే పెరుగుతుంది. గాలి తగలని మూలలో ఉంచిన మొక్కలలో పుప్పొడి సరిగా రాలదు. టమాట ప్రధానంగా స్వపరాగ సంపర్కం జరుపుకొనే పంట కనుక ఉదయం వేళ పూగుత్తులను మెల్లగా తట్టినా ప్రయోజనం ఉంటుంది.

కాయ అడుగు కుళ్లు

కాయకు పూత ఉన్న కొసవద్ద నీరు పట్టినట్లు చిన్న మచ్చ ఏర్పడి, క్రమంగా గోధుమ, నలుపు రంగులకు మారి తోలువలె గట్టిపడుతుంది. దీనికి కారణం కాయలో కాల్షియం లోపించుట. ఆ మచ్చపై తరువాత పెరిగే బూజును చూసి శిలీంధ్రనాశని సూచించుట సాధారణంగా జరిగే పొరపాటు.

నేలలో కాల్షియం ఉన్నప్పటికీ కాయలో లోపించవచ్చు. కాల్షియం నీటితోపాటు దారువు ద్వారా పైకి వెళ్తుంది. బాష్పోత్సేకం అధికంగా జరిగే ఆకులకు ఎక్కువగా, స్వల్పంగా జరిగే కాయలకు తక్కువగా చేరుతుంది. ఒకసారి ఆకుకు చేరిన కాల్షియం తిరిగి కాయకు రాదు. రెండు రోజులు ఎండగట్టి మూడవరోజు కుండీ నింపే పద్ధతిలో, ఎదుగుతున్న పిందెకు ఈ సరఫరా తెగిపోతుంది. అమ్మోనియా రూపపు నత్రజని, పొటాష్ అధికమైనా కాల్షియం గ్రహణ తగ్గుతుంది. ఈ కారణంగానే గుడ్డు పెంకులు వేసినంత మాత్రాన ఫలితం కనిపించదు. అవి నేలలో చాలా నెమ్మదిగా కరుగుతాయి. తేమ నిలకడగా ఉండేటట్లు కొద్దికొద్దిగా క్రమం తప్పక నీరు పెట్టి, 5 నుండి 8 సెంటీమీటర్ల మందాన ఎండుటాకులు పరచినట్లయితే తరువాతి కాపు బాగుపడుతుంది. ఎండిన నేలకు ఒక్కసారిగా నీరు పెట్టినప్పుడు కనిపించే కాయ పగుళ్లకు కూడా ఇదే నివారణ.

నిజమైన రోగాలను గుర్తించుట

అడుగు ఆకులు పైకి చుట్టుకొని పచ్చగానే ఉండి, మొక్క ఎదుగుతున్నచో అది వేడికి, నీటి ఎద్దడికి ప్రతిస్పందన మాత్రమే. కొత్త ఆకులు చిన్నవై, ముడుచుకొని, పసుపుబారి, మొక్క గిడసబారినచో తెల్లదోమ వ్యాపింపజేసే ఆకుముడత వైరస్‌గా భావించాలి. దీనికి చికిత్స లేదు. మొక్కను పీకి నాశనం చేయాలి. నారుమడిపై నైలాన్ వల, తోటలో పసుపు జిగురు అట్టలు ముందుజాగ్రత్తలు. పచ్చగా ఉన్న మొక్క హఠాత్తుగా వాడినప్పుడు కాండాన్ని కోసి గాజుగ్లాసులోని నీటిలో ఉంచి చూడాలి. పాలవంటి ద్రవం దారంవలె దిగినచో అది బాక్టీరియా వడలు తెగులు. ఆ మడిలో టమాట, వంగ, మిరప తిరిగి వేయరాదు. కాయలపై గుండ్రని రంధ్రాలున్నచో కాయతొలుచు పురుగును చేతితో ఏరివేయుట పెరటికి సరిపోతుంది. ఆకుముడత వైరస్, వడలు తెగులు, ఆకుమాడు తెగులు ఈ మూడింటినీ తట్టుకొనే అర్క రక్షక్ వంటి సంకర రకాలు రోగాల బెడద ఉన్నచోట ఉపయోగకరం.

క్షేత్రస్థాయిలో సలహా ఇచ్చే ముందు నాలుగు విషయాలు తెలుసుకోవాలి: నారు ఎప్పుడు నాటారు, నీరు ఎన్ని రోజులకొకసారి ఇస్తున్నారు, ఇటీవల ఏ ఎరువు వేశారు, లక్షణం అడుగు ఆకులలో మొదలైనదా లేక చిగుళ్లలోనా. పెరటి సాగుదారు తెచ్చే సమస్యలలో చాలావాటికి ఈ సమాధానాలలోనే కారణం బయటపడుతుంది. విద్యార్థులు గ్రామీణ వ్యవసాయ అనుభవ శిక్షణ కాలంలో కొన్ని ఇళ్ల పెరళ్లను ఎంచుకొని ఈ వివరాలను వారంవారం నమోదు చేసినట్లయితే, మందు అవసరమైన సందర్భాలు ఎంత తక్కువో వారే గ్రహించగలరు.