ఇంటిపన్ను – గ్రామసభ

బెజవాడ–ఏలూరు రోడ్డు మీద నూజివీడు, గుడివాడ దారులు కలిసే చోటు మన హనుమాన్ జంక్షన్. రాకపోకలు ఎక్కువైన చోట చెత్తా, మురుగూ ఎక్కువే. మురుగుకాలవ పూడిందంటే నీరు వాకిట్లో నిలుస్తుంది, దోమలు ముసురుతాయి.

మన రాష్ట్రంలో పంచాయతీరాజ్ 1959 నవంబరు 1న మొదలైంది. 1994 చట్టం ప్రకారం వూళ్లో వోటున్న ఆడా మగా అంతా గ్రామసభ సభ్యులే. పంచాయతీ జమాఖర్చులు, ఆడిట్ రిపోర్టు, రాబోయే పనుల వివరం ఆ సభ ముందు పెట్టాలి.

అంచేత సభ కబురు తెలియగానే తప్పక వెళ్లండి. ఆడవాళ్లనూ తీసుకువెళ్లండి, మురుగు బాధ ముందుగా వారికే తెలుసు. ఇంటిపన్ను ఎంత వసూలైంది, ఏ కాలవకెంత ఖర్చయింది, అడగండి. మీ వీధి పనిని తీర్మానంలో రాయించండి. పన్ను బకాయి వుంచకండి. లెక్క అడగడం మానకండి.