ఇంట ఒంటరిగా నుండు కుక్క: యజమాని విధి, పంచాయతీ విధి

బొగ్గుగనుల ప్రాంతమున పగలు, రాత్రి అను భేదము తక్కువ. మందమర్రి, రామగుండము, గోదావరిఖని మొదలగు చోట్ల సింగరేణి గనులు ఎనిమిదేసి గంటల చొప్పున మూడు షిఫ్టులుగా పనిచేయుచున్నవి. ఒక ఇంటివారు పనికి బయలుదేరు వేళకు పక్క ఇంటివారు పని ముగించుకొని వచ్చి పడుకొనుచుందురు. మందమర్రి నేడు పురపాలక పట్టణమైనను, పరిసర గ్రామములనుండి గనులకు పోవువారు పెక్కుమంది కలరు. ఇట్టి కుటుంబములలో భర్త గనికి, భార్య కూలికో పొలమునకో, పిల్లలు బడికి పోయిన పిదప ఇంటికి కాపలాగా మిగులునది తరచుగా ఒక్క కుక్కయే.

ఆ కుక్క గంటల తరబడి మొరుగుచుండును, ఊళ పెట్టును, తలుపును గోళ్లతో గీరును, గొలుసు తెంపుకొని వీధిలో పడును. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన పొరుగువానికి పగటి నిద్ర దక్కదు. నిద్రలేని మనిషి మరల రాత్రి గనిలోనికి దిగుట క్షేమము కాదు. తగవు మొదలై, మాట పెరిగి, తుదకు పంచాయతీ ఎదుటికి వచ్చును. కుక్కను తరిమివేయుడని ఒకరు, ఇంటికి కాపలా యెవరని మరియొకరు వాదింతురు. ఇట్టి తగవును తీర్పవలసిన సభ్యులు ముందుగా కుక్క ఏల మొరుగుచున్నదో తెలిసికొనుట మేలు.

కుక్క ఏల బాధపడును?

కుక్క గుంపులో జీవించు జంతువు. తనను పెంచిన మనుష్యులనే అది తన గుంపుగా ఎంచుకొనును. మందను కాయు గొల్లవాని కుక్కకు ఈ బాధ లేదు. దానికి దినమంతయు తోడును గలదు, పనియును గలదు. క్వార్టరు వాకిట గొలుసునకు కట్టబడిన కుక్కకు రెండును లేవు. తోడు లేని దిగులు, పని లేని విసుగు కలిసి మొరుగుగా, త్రవ్వుటగా, కొరుకుటగా బయటపడును.

ఈ రెండింటికిని తేడా కలదు. దిగులుపడు కుక్క యజమాని గడప దాటిన కొలది నిమిషములకే ఊళ పెట్టుట మొదలిడును. తలుపు దగ్గరనే తిరుగును. ముందు పెట్టిన అన్నమును ముట్టదు. విసుగుచెందిన కుక్క కొంతసేపు ఊరకుండి, పిదప చెప్పులు కొరుకుటయో, నేల త్రవ్వుటయో, పోవు ప్రతివానిని చూచి మొరుగుటయో చేయును. విసుగునకు పని కల్పించిన చాలును. దిగులునకు ఓర్పుతో కూడిన శిక్షణ కావలెను.

జీర్ణక్రియపై చేసిన పరిశోధనలకు 1904లో నోబెల్ బహుమానము పొందిన రష్యా శాస్త్రజ్ఞుడు పావ్లోవు, కుక్కలను గూర్చి ఒక విషయమును నిరూపించెను. అన్నము పెట్టుటకు ముందు ఒక సంకేతమును పదే పదే వినిపించినచో, కొంతకాలమునకు అన్నము లేకున్నను ఆ సంకేతము వినినంతనే కుక్క నోట నీరూరును. అట్లే యజమాని బూట్లు తొడుగుట, టిఫిను డబ్బా సర్దుట, తాళపుచెవి తీయుట అను చిన్న పనులను కుక్క గుర్తించి, అతడు పోకముందే కలత చెందును.

శిక్షణ యెట్లు?

ఈ కలతను పోగొట్టుటకు మార్గము కలదు. సెలవునాడు బూట్లు తొడుగుకొని ఎక్కడికిని పోక ఇంటనే కూర్చుండవలెను. తాళపుచెవి చేతబట్టి మరల పెట్టివేయవలెను. పిదప తలుపు వేసి ఒక్క నిమిషము బయట నుండి, కుక్క ఊరకున్నప్పుడే లోనికి రావలెను. ఒక నిమిషమును అయిదుగా, అయిదును పదిగా, పదిని అరగంటగా మెల్లమెల్లగా పెంచవలెను. కుక్క మరల కలత చెందినచో ఒక మెట్టు వెనుకకు పోవలెను. ఇది కొన్ని వారములు పట్టు పని. పోవునప్పుడు బుజ్జగింపులును, వచ్చినప్పుడు ఆర్భాటమును లేకుండుట మంచిది.

ఇంటికి వచ్చి, చిందరవందర చూచి కోపించి కొట్టుట నిష్ప్రయోజనము. ఎప్పుడో జరిగిన పనికిని, ఇప్పుడు పడిన దెబ్బకును గల సంబంధమును కుక్క గ్రహింపజాలదు. అది తోక ముడిచి చెవులు వాల్చుట తప్పు ఒప్పుకొనుట కాదు. యజమాని కోపమునకు భయపడుట మాత్రమే. నన్నయ ఆదిపర్వమున సరమ అను కుక్క, నేరము లేని తన బిడ్డను కొట్టిరని జనమేజయుని యెదుటికే వచ్చి అడిగిన కథ కలదు. ఆ కథలోని నీతి నేటికిని చెల్లును.

పని యెట్లు కల్పింపవలెను?

1. పనికి పోవుటకు ముందు అరగంట నడిపించుట ముఖ్యము. త్రోవలో దానిని నచ్చిన చోట నిలిచి వాసన చూడనిండు. మనకు కన్ను యెట్టిదో కుక్కకు ముక్కు అట్టిది. నడిచి, వాసన చూచి, మలమూత్ర విసర్జన చేసి వచ్చిన కుక్క సుఖముగా పడుకొనును.

2. అన్నమంతయు ఒకేమారు గిన్నెలో పెట్టక, కొంత రొట్టెముక్కలుగా చేసి, మడతలు పెట్టిన గోనెసంచిలో దాచవలెను. కొబ్బరిచిప్పలో సంకటి మెత్తి ఇచ్చినచో దానిని నాకుటకే చాలసేపు పట్టును. ఖర్చు లేని ఈ పనులు కుక్క బుద్ధికి వ్యాయామము నిచ్చును. కొత్త వస్తువును మొదట మన యెదుటనే ఇచ్చి, దానిని పగులగొట్టి మ్రింగుట లేదని చూచిన పిదపనే ఒంటరిగా వదలవలెను.

3. వండిన ఎముకలు పెట్టరాదు. అవి వాడిముక్కలుగా చీలి గొంతునను, ప్రేగులలోను గ్రుచ్చుకొనును. ప్లాస్టికు సంచులు, దారపుండలు అందకుండ చూడవలెను.

4. యజమాని తొడిగి విడిచిన పాత చొక్కా నొకదానిని పడక చోట వేసినచో, పరిచితమైన ఆ వాసన కొన్ని కుక్కలకు ఊరట నిచ్చును.

5. పొరుగువారి సహాయము అన్నిటికంటె మేలు. ఈ ప్రాంతమున ఒకరు మొదటి షిఫ్టు, మరొకరు రెండవ షిఫ్టు చేయుదురు గదా! ఒకరి కుక్కను ఒకరు ఒక్కమారు చూచి, నీరు పోసి, కొంచెము త్రిప్పి వచ్చినచో ఇద్దరికిని మేలు. కొన్ని నెలల వయసు గల పిల్ల కుక్క మూత్రమును ఎక్కువసేపు ఆపుకొనజాలదు. దానిని షిఫ్టంతయు ఒంటరిగా విడువరాదు.

ఎండకాలపు జాగ్రత్త

ఈ ప్రాంతపు ఎండ యెట్టిదో చెప్పనక్కరలేదు. కుక్కకు మనవలె ఒడలంతయు చెమట పట్టదు. నాలుక చాచి రొప్పుటవలననే అది ముఖ్యముగా వేడిమిని పోగొట్టుకొనును. కావున రేకుల కొట్టములో మూసిపెట్టుటయు, నీడ జరిగిపోవు చోట కట్టివేయుటయు ప్రాణాపాయకరము. గాలి యాడు నీడయు, ఒరిగిపోని బరువైన మట్టితొట్టిలో నిండుగా నీరును ఉండవలెను. గొలుసు పొట్టిగా, బరువుగా నుండరాదు; వీలైనచో కంచె వేసిన వాకిట విడిచిపెట్టుట మేలు.

చట్టము ఏమి చెప్పుచున్నది?

1960వ సంవత్సరపు జంతు క్రూరత్వ నివారణ చట్టము ఈ విషయమున స్పష్టముగా నున్నది. మిక్కిలి పొట్టిదియో బరువైనదియో అగు గొలుసుతో జంతువును ఎక్కువకాలము కట్టియుంచుట, ఎల్లప్పుడు కట్టివేయు కుక్కకు తగిన వ్యాయామము కల్పింపకుండుట, చాలినంత తిండి, నీరు, నీడ ఇయ్యకుండుట, కారణము లేక జంతువును దిక్కులేనిదిగా విడిచిపెట్టుట ఆ చట్టముయొక్క 11వ విభాగము క్రింద నేరములు. ఈ చట్టము వచ్చుటకు రాజ్యసభలో శ్రీమతి రుక్మిణీదేవి అరండేలు చేసిన కృషి ప్రసిద్ధము. వీధికుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్సయు, టీకాలును జరిపించు బాధ్యతను 2023 నాటి నియమములు స్థానిక సంస్థలపై ఉంచినవి.

పదవీవిరమణ చేసి క్వార్టరు ఖాళీ చేయునప్పుడును, వేరొక గనికి బదిలీ అయినప్పుడును, కుక్కను అచటనే వదలిపోవువారు కలరు. నేటి పెంపుడు కుక్క రేపటి వీధికుక్క యగును. అది టీకా లేక, సంతానమును పెంచి, ఊరికే బెడదగును. కావున ఒక యింటి కుక్క క్షేమము ఊరందరి క్షేమముతో ముడిపడియున్నది.

పంచాయతీ చేయదగిన పనులు

గ్రామములోని పెంపుడు కుక్కల పట్టిక నొకటి వ్రాయించుడు. పశువైద్యశాల వారితో మాటాడి, ఏటేట రేబిస్ టీకా శిబిరము పెట్టించుడు. పిల్లకు మూడు నెలల వయసున మొదటి టీకా వేయించుట ఆనవాయితీ. ఏటేట సెప్టెంబరు 28న జరుగు ప్రపంచ రేబిస్ దినము ఇందుకు అనువైన సమయము. టీకా కనిపెట్టిన లూయీ పాశ్చరు 1895లో మరణించిన దినమది.

కుక్క కరచినచో గాయమును వెంటనే సబ్బుతో, ధారగా పడు నీటితో పదునైదు నిమిషములు కడిగి, ఆ దినముననే ప్రభుత్వ ఆసుపత్రికి పోవలెనని అందరికిని చాటింపు వేయించుడు. కారము, సున్నము, పసరు పూయరాదు. "కుక్కకాటుకు చెప్పుదెబ్బ" అను సామెత తగవులలో చెల్లునేమో గాని, వైద్యమున చెల్లదు. రేబిస్ లక్షణములు కనబడిన పిదప మనిషి బ్రతుకుట మిక్కిలి అరుదు. సాధువైన కుక్క హఠాత్తుగా కరచుటయు, చొంగ కార్చుచు మ్రింగలేకుండుటయు దిగులు కాదు, వ్యాధి కావచ్చును. దానిని తాకక పశువైద్యునికి కబురు చేయవలెను.

ఇక మొరుగు కుక్కను గూర్చిన తగవు వచ్చినప్పుడు, "కుక్కను ఎందుకు పెంచుచున్నావు?" అని యజమానిని మందలించుటకు ముందు నాలుగు ప్రశ్నలు అడుగుడు. దానిని దినమునకు ఎంతసేపు నడిపించుచున్నావు? నీడ, నీరు కలవా? గొలుసు ఎంత పొడవు? నీవు లేనప్పుడు చూచువారెవరు? ఈ నాలుగింటికి సరియైన జవాబు దొరకునట్లు చేసినచో పెక్కు తగవులు అచటనే తీరును. రాత్రి షిఫ్టువానికి నిద్రయు, ఇంటికి కాపలాయు, కుక్కకు సుఖమును ఒక్కసారిగా సమకూరును.