అమ్మ బొట్టు ఎక్కడికి పోయింది?

తెనాలిలో మా ఇంటి హాల్లో తాతగారిదీ బామ్మదీ పెద్ద బ్లాక్ అండ్ వైట్ ఫొటో ఉంది. స్టూడియోలో కుర్చీలు వేసి తీసినది. కిందటేడాది నాన్నగారు పోయాక అమ్మ ఒకటే కోరింది. "మా షష్టిపూర్తి ఫొటో దాని పక్కన పెట్టించరా. రంగుల్లో అయితే ఎబ్బెట్టుగా ఉంటుంది. దానిలాగే నలుపు తెలుపుల్లో చేయించు."

1957 నాటి 'మాయాబజార్'కి 2010లో రంగులద్దారు, మా అమ్మేమో ఉన్న రంగులు తీసేయమంటోంది అని నవ్వుకున్నాను.

షష్టిపూర్తి 2004లో జరిగింది. నేను కొనుక్కెళ్ళిన 4 మెగాపిక్సెళ్ళ కెమెరాతో తీసిన ఫొటో అది. రోజంతా కంప్యూటర్లతో కుస్తీ పట్టేవాడికి ఇదెంత పని? ఫొటోషాప్‌లో తెరిచి, 'డీశాచురేట్' నొక్కి, అయిదు నిమిషాల్లో పంపించేశాను.

అమ్మ ఫోన్‌లో చూసుకుని కాసేపు మాట్లాడలేదు. "ఏరా, నా బొట్టేదిరా?" అంది.

నిజమే. పీటల మీద కూర్చున్న అమ్మ నుదుట రూపాయంత కుంకుమబొట్టు ఉండాలి. ఆనవాలు కూడా లేదు. ఆకుపచ్చ పట్టుచీరకున్న ఎర్ర అంచు కూడా చీరలో కలిసిపోయింది. ఇంకేదైనా ఫొటో అయితే ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. నాన్నగారు లేని ఇంట్లో కూర్చుని అమ్మ ఆ మాట అడిగేసరికి నా గుండె కలుక్కుమంది.

ఆ రాత్రి లెక్క చూసుకున్నాను. డిజిటల్ ఫొటోలో ప్రతి చుక్కకీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలుంటాయి, 0 నుంచి 255 వరకు. అమ్మ బొట్టు దగ్గర అవి 200, 30, 40. నీడలో ఉన్న నుదురు దగ్గర 150, 105, 80. డీశాచురేట్ చేసేదల్లా ఈ మూడింటిలో పెద్దదాన్నీ చిన్నదాన్నీ కలిపి సగం చేయడం. బొట్టుకి 115 వచ్చింది, నుదుటికీ 115 వచ్చింది! రెండూ ఒకే బూడిదరంగు అయ్యాక ఇంకెక్కడి బొట్టు?

మన కన్ను అలా చూడదు. దానికి ఆకుపచ్చలో వెలుగు ఎక్కువ, నీలంలో బాగా తక్కువ. అందుకే టీవీ ఇంజనీర్లు ఎరుపులో 30 శాతం, ఆకుపచ్చలో 59, నీలంలో 11 తీసుకుని కలిపే లెక్క పెట్టుకున్నారు. అలా చేస్తే బొట్టు 82, నుదురు 116. బొట్టు తిరిగొచ్చింది.

ఈ పాళ్ళు మనమే మార్చుకోవాలంటే ఫొటోషాప్‌లో 'చానల్ మిక్సర్' తెరిచి 'మోనోక్రోమ్' దగ్గర టిక్కు పెట్టాలి. 2007లో వచ్చిన సీఎస్3 నుంచి 'బ్లాక్ అండ్ వైట్' అని వేరే సదుపాయమూ ఉంది. డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే ఉచితంగా దొరికే గింప్‌లో 'మోనో మిక్సర్' ఇదే పని చేస్తుంది.

మొదట ఎరుపు బాగా పెంచి చూశాను. ముఖాలు తేటపడ్డాయి, ముడతలు తగ్గాయి, కానీ బొట్టు నుదుటి కంటే తెల్లగా, విభూతి పెట్టుకున్నట్టు తేలింది. "మీ నాన్నగారు ఇంత తెల్లగా ఎప్పుడున్నార్రా?" అని అమ్మ నవ్వింది. నాన్నగారిది చామనఛాయ. చివరికి ఎరుపు 20, ఆకుపచ్చ 70, నీలం 10 దగ్గర ఆగాను. బొట్టు 65, నుదురు 112. ముడతలు కాస్త బయటపడ్డాయి. "ఉండనీరా, ఉన్నవేగా" అంది. నీలం జోలికి ఎక్కువ వెళ్ళలేదు. ఆ పాత కెమెరాలో నీలం నిండా ఇసుక చల్లినట్టు మచ్చలే.

బామ్మ ఫొటోలో బొట్టు నల్లగా ఉంటుంది. పాతకాలంలో వాడిన ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకి ఎరుపు కనిపించేది కాదు, దాని మీద కుంకుమ నల్లటి చుక్కగానే పడేది. మనం ఆకుపచ్చ పాలు పెంచితే దాదాపు ఆ తీరే వస్తుంది.

పిల్లలకి ఇది చూపించాలంటే ఒక పళ్ళెంలో ఎర్ర మిరపకాయ, పచ్చిమిరపకాయ పక్కపక్కన పెట్టి ఫొటో తీయమనండి. ఎరుపు పెంచితే పండు మిరపకాయ తెల్లబడుతుంది, ఆకుపచ్చ పెంచితే పచ్చిమిరపకాయ. మా అబ్బాయి దీంతో గంటసేపు ఆడుకున్నాడు. ఒక్క జాగ్రత్త: ఎప్పుడూ నకలు మీదే పనిచేయండి. కెమెరాలో బ్లాక్ అండ్ వైట్ మోడ్ పెట్టి జేపెగ్ తీస్తే రంగు సమాచారం పోతుంది, తర్వాత కలుపుకోవడానికి మూడు అంకెలు మిగలవు.

ఫొటో ఫ్రేము కట్టించి గోడకి పెట్టించారు. ఆ సాయంత్రం అమ్మ ఫోన్ చేసి, బాగుందని చెప్పి, పెట్టేయబోతూ అంది. "ఒరేయ్, ఆ రంగులది కూడా చిన్నది ఒకటి పంపు. బీరువాలో పెట్టుకుంటాను."