వేగానికి కళ్ళెం

చెడుగుడు ఆటలో కూత ఆపినవాడు ఓడినట్టే. క్రికెట్టుకూ, బిళ్ళంగోడుకూ కూడా నియమాలున్నాయి. నియమం లేకపోతే ఆట కాస్తా కొట్లాట అవుతుంది. అయితే కొన్ని ఆటలలో నియమాలు గెలుపోటములను మాత్రమే గాక, ఆడేవారి ప్రాణాలను కూడా కాపాడవలసి ఉంటుంది. అమెరికాలో జరిగే స్టాక్ కార్ పందాలు అటువంటివి.

స్టాకు అంటే దుకాణంలో అమ్మకానికి ఉంచిన సరుకు. ఎవరైనా కొనుక్కోగల మామూలు కారుతో పందెం వెయ్యటమే మొదట ఈ ఆటలోని విశేషం. బిల్ ఫ్రాన్స్ అనే ఆయన పూనుకొనగా, 1948లో నాస్కార్ అనే సంస్థ ఏర్పడి ఈ పందాలకు నియమాలు చేసింది.

1949 జూన్ 19న షార్లెట్ అనే ఊళ్ళో మొదటి పెద్ద పందెం జరిగింది. గ్లెన్ డనవే అనే డ్రైవరు అందరికన్నా ముందు గమ్యం చేరాడు. తరువాత పరీక్షకులు అతని కారు కిందికి వంగి చూశారు. వెనక స్ప్రింగులను ఎవరో మార్చి ఉన్నారు. దొంగసారా చేరవేసేవాళ్ళు పోలీసులకు దొరక్కుండా పరిగెత్తటానికి తమ కార్లలో చేసుకునే ఏర్పాటు అది! డనవే గెలుపు చెల్లదన్నారు. వెనక వచ్చిన జిమ్ రోపర్‌కు విజయం దక్కింది. ఆ విధంగా మొదటి పందెంలోనే నియమం విజేతను మార్చివేసింది.

రాను రాను కార్లు మారాయి, పందెపు దారులూ మారాయి. 1959లో డేటోనాలో రెండున్నర మైళ్ళ ట్రాకు తయారయింది. దాని మలుపులు 31 డిగ్రీల వాలుగా, పెంకుటింటి కప్పులాగా ఏటవాలుగా ఉంటాయి. చదునైన మలుపులో వేగంగా వచ్చే కారు బయటికి జారిపోతుంది. దారి లోపలికి వాలి ఉంటే, ఆ నేలే కారును లోపలి వైపుకు నెట్టి మలుపు తిప్పుతుంది. కనక వేగం తగ్గించవలసిన పని ఉండదు. 1969లో టాలడేగాలో ఇంకా పెద్ద ట్రాకు వచ్చింది. అక్కడ వాలు 33 డిగ్రీలు.

కార్ల కంపెనీలు కూడా ఊరుకోలేదు. ముక్కు కోసుగా ఉండి, వెనక ఎత్తయిన రెక్క గల కార్లు తయారు చేశాయి. అలాటి ఒక కారులో బడ్డీ బేకర్ 1970లో టాలడేగాలో గంటకు 200 మైళ్ళ వేగం, అంటే సుమారు 322 కిలోమీటర్లు, దాటాడు. మరుసటి ఏడు నాస్కార్ ఒక నియమం చేసింది: రెక్కల కార్లకు చిన్న ఇంజనే ఉండాలి! దానితో ఆ కార్లు ఆటలోంచి మాయమయ్యాయి.

కాని వేగం ఆగలేదు. 1987లో టాలడేగాలో బిల్ ఇలియట్ గంటకు 212.809 మైళ్ళ వేగంతో ట్రాకు చుట్టి వచ్చాడు. ఆ వేగంలో కారు ఒక సెకనుకు 95 మీటర్లు పోతుంది. మీరు ఒకసారి కళ్ళు మూసి తెరిచేలోగా అది ఎంతో దూరం వెళ్ళిపోతుందన్నమాట.

కొద్ది రోజులకే అసలు పందెం జరిగింది. అందులో బాబీ ఆలిసన్ కారు టైరు పగిలింది. కారు గిర్రున వెనక్కు తిరిగింది. ముందుకు పోయేటప్పుడు కారును నేలకు అదిమిపెట్టే గాలి, అది వెనక్కు తిరిగేసరికి పైకి లేవనెత్తింది. కారు ఎగిరి ప్రేక్షకుల ముందున్న ఇనుప కంచెకు తగిలింది. కంచె చాలాభాగం చిరిగిపోయింది. కొందరు ప్రేక్షకులు గాయపడ్డారు. కారు కంచె దాటి జనం మధ్య పడి ఉంటే ఏమయ్యేదో ఊహించటానికే భయం వేస్తుంది. బాబీకి పెద్ద దెబ్బలు తగలలేదు. ఆ రోజు పందెం గెలిచినది ఆయన కొడుకు డేవీ!

ఇక వేగానికి కళ్ళెం వెయ్యక తప్పలేదు. 1970 తరువాత కొంతకాలం వాడిన ఒక చిన్న పరికరాన్ని 1988లో డేటోనా, టాలడేగా ట్రాకులకు మళ్ళీ తెచ్చారు. అది నాలుగు రంధ్రాలు గల ఒక అల్యూమినియం రేకు, అంతే. దానిని ఇంజనుకు గాలి వెళ్ళే దారిలో అడ్డంగా బిగిస్తారు. కొలిమి తిత్తి మూతి ఇరుకైతే నిప్పు మందగిస్తుంది గదా? అలాగే గాలి తగ్గితే ఇంజనులో పెట్రోలు తక్కువ మండుతుంది. బలం తగ్గుతుంది. ఆ సంవత్సరం ఈ రెండు ట్రాకులలోనూ అత్యధిక వేగం 200 మైళ్ళ లోపుకు దిగింది.

ఇది చిన్న మేలు కాదు. వేగం రెట్టింపు అయితే తాకిడి శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. అందుచేత వేగంలో కొద్దిపాటి తగ్గుదల కూడా ప్రమాదాన్ని బాగా తగ్గిస్తుంది.

కాని ఈ రేకు వల్ల ఎవరూ అనుకోనిది ఒకటి జరిగింది. అన్ని ఇంజన్లకూ గాలి కొలిచి పోసినట్టయి, కార్ల బలం ఇంచుమించు సమానమైపోయింది. లారీ వెనకగా సైకిలు తొక్కితే ఎదురుగాలి తగలదు. అలాగే ముందుకారు గాలిని చీల్చుతుంటే, వెనక కారు సులువుగా పోతుంది. అందుచేత ముప్ఫయి నలభై కార్లు తేనెటీగల గుంపులాగా, ఒకదానిని ఒకటి రాసుకుంటూ పరిగెత్తసాగాయి. ఎవరు గెలుస్తారో చివరి నిమిషం దాకా తెలియదు. 2010లోనూ, 2011లోనూ టాలడేగాలో జరిగిన ఒక్కొక్క పందెంలో మొదటి స్థానం 88 సార్లు చేతులు మారింది!

ప్రేక్షకులకు ఇది పండగే. కాని గుంపులో ఒక్క డ్రైవరు తప్పు చేస్తే, వెనక పది పదిహేను కార్లు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఇటువంటి ప్రమాదానికి అమెరికా వాళ్ళు "బిగ్ వన్", అంటే "ఆ పెద్దది", అని పేరు పెట్టారు. పెనం మీది నుంచి పొయ్యిలో పడ్డట్టు, ఒక ప్రమాదం నుంచి తప్పించబోతే మరొకటి వచ్చిపడింది. అయినా జనం మధ్యకు కారు ఎగిరే భయం కన్న ఇదే నయమని ఆ నియమాన్ని ఉంచారు. 2019లో ఆ రేకు స్థానంలో వేరొక పరికరం వచ్చినా, గాలి తగ్గించే సూత్రం మాత్రం అదే.

1994లో మరొక నియమం వచ్చింది. కారు కప్పు మీద రెండు మూతలుండాలి. కారు సరిగా పోతున్నంత సేపూ అవి అణిగి ఉంటాయి. కారు వెనక్కు తిరిగితే గాలి వాటిని తెరుస్తుంది. తెరుచుకున్న మూతలు గాలి ప్రవాహాన్ని చెదరగొట్టి, కారు పైకి లేవకుండా చేస్తాయి. కారును ఎగరవేసే గాలి చేతనే ఆపు చేయించారన్నమాట.

అన్నిటికన్న పెద్ద గుణపాఠం 2001 ఫిబ్రవరి 18న వచ్చింది. ఏడుసార్లు చాంపియనుగా నిలిచిన డేల్ ఎర్న్‌హార్ట్ డేటోనాలో చివరి మలుపులో గోడకు గుద్దుకుని మరణించాడు. చూసినవారికి అది అంత భయంకరమైన ప్రమాదంలాగా తోచనేలేదు. బస్సుకు బ్రేకు వేస్తే మనం ముందుకు తూలుతాం. పందెపు డ్రైవరు శరీరాన్ని బెల్టులు పట్టి ఉంచుతాయి, కాని తలను ఏదీ పట్టి ఉంచదు. అది మెడను ఈడ్చుకుంటూ ముందుకు పోతుంది.

విచారించవలసిన విషయమేమంటే, దీనికి విరుగుడు అప్పటికే ఉన్నది! రాబర్ట్ హబ్బర్డ్ అనే ప్రొఫెసరూ, జిమ్ డౌనింగ్ అనే పందెపు డ్రైవరూ కలిసి 1980 తరువాతి సంవత్సరాలలోనే "హాన్స్" అనే సాధనం తయారు చేశారు. అది భుజాల మీద కూచునే గట్టి పట్టీ. దానికి శిరస్త్రాణాన్ని వారులతో కడతారు. అది ఇబ్బందిగా ఉంటుందని చాలామంది డ్రైవర్లు పెట్టుకునేవారు కారు. పెట్టుకోవాలనే నియమమూ లేదు. 2001 అక్టోబరులో నాస్కార్ తల, మెడలను కాపాడే సాధనం తప్పనిసరి చేసింది.

గోడలు కూడా మారాయి. నెబ్రాస్కా విశ్వవిద్యాలయం ఇంజనీర్లు కాంక్రీటు గోడ ముందు ఉక్కు గొట్టాలు పేర్చి, మధ్య నురుగు దిమ్మెలు పెట్టారు. బంతిని పట్టేటప్పుడు చేతులు వెనక్కు తీసుకుంటే నొప్పి పుట్టదు గదా? ఈ గోడ కూడా కారు తగిలినప్పుడు కొంచెం వెనక్కు తగ్గుతుంది. 2002లో మొదట ఇండియానాపొలిస్ ట్రాకులో దీనిని అమర్చారు.

ఫలితం 2020లో లోకమంతా చూసింది. డేటోనాలో చివరి క్షణాన రయన్ న్యూమన్ కారు గోడకు తగిలి పల్టీ కొట్టింది. మరో కారు దానిని గుద్దింది. అతను బతకడనే అందరూ అనుకున్నారు. రెండు రోజుల అనంతరం అతను తన ఇద్దరు కూతుళ్ళ చేతులు పట్టుకుని, ఆస్పత్రి నుంచి నడిచి బయటికి వచ్చాడు.

అంతటితో పని అయిపోయిందా? లేదు. 2022లో కొత్త నమూనా కారు వచ్చింది. అది దృఢంగా ఉన్నది. మరీ దృఢంగా ఉన్నందువల్లనే, వెనక భాగం గోడకు తగిలితే అది నలగక, ఆ దెబ్బ డ్రైవరు తలకు చేరింది. ఇద్దరు డ్రైవర్లు తల అదిరి కొన్ని పందాలకు దూరమయ్యారు. 2023కు ఆ భాగాన్ని సులువుగా నలిగేటట్టు మార్చారు. మనిషి నలగకుండా ఉండాలంటే కారు నలగాలి మరి!

వేగం, రక్షణ, ఉత్సాహం — ఈ మూడూ ఒకే తాటికి కట్టిన మూడు ఎడ్లలాంటివి. ఒకదానిని అదిలిస్తే మిగతా రెండూ కదులుతాయి. అందుచేతనే ఈ పందాల నియమాల పుస్తకం ఏటేటా మారుతూనే ఉంటుంది. ప్రతి పందానికీ ముందు పరీక్షకులు ఇప్పటికీ కార్లను అంగుళం అంగుళం కొలుస్తారు. 1949లో ఆ స్ప్రింగుల కోసం వంగి చూసినట్టే!