పగారు లెక్కకు కొత్త ఇల్లు

భివండి రోడ్ స్టేషనుకు అంత దూరం లేని ఒక సాంచెల కార్ఖానాలో నేను గుమాస్తాను. మా కంప్యూటరులోని 120 జీబీ ఎస్‌ఎస్‌డీ నిండిపోయి, పగారు లెక్క తెరవడానికే పావుగంట పట్టసాగింది. 500 జీబీది తెచ్చి, కరెంటు తీగ ఊడదీసి, పెట్టె విప్పాను. లోపలి దూదిదుమ్ము ఒక దిండుకు చాలును!

పాతదాని పక్కన కొత్తదాన్ని బిగించడం సులువే. కరెంటుది ఒక తీగ, సమాచారానిది ఒకటి. ప్రమాదమంతా నకలు తీయడంలో ఉన్నది. ఎందులోనుంచి ఎందులోకి అని అడిగినప్పుడు నేను తారుమారుగా చూపాను. మీట నొక్కి ఉంటే నలభైమంది కార్మికుల లెక్క తుడిచిపెట్టుకుపోయేదే. 120, 500 అనే అంకెలే నన్ను కాపాడినవి. కనుక, సోదరులారా, ముందుగా లెక్కలను పెన్‌డ్రైవులో దాచుకోండి. నకలు ముగిశాక మిగిలిన చోటును విండోస్‌లో విడిగా కలుపుకోవలె సుమా.

ఇప్పుడు లెక్క నిమిషంలో తెరుచుకుంటున్నది. పాతదాన్ని మాత్రం చెరపలేదు. వచ్చే పగారు దాకా అది నా సొరుగులోనే.